లోపానికి పాత్ర పెట్టుకున్న మంచి పేరు

(కథారచన శిక్షణ తరగతుల్లో చేసిన ప్రసంగానికి లిఖిత రూపం)

సభకు నమస్కారం.

పాత్రలకు లోపాలు ఎలా ఇవ్వాలి అన్న విషయం మీద మాట్లాడమని నిర్వాహకులు నన్ను అడిగారు. ఆ ప్రశ్నలోని "ఇవ్వాలి" అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. కుట్టడం పూర్తయిన చొక్కాకు చివర్లో బొత్తాలు వేసినట్లు, తయారైన పాత్రకు లోపం తగిలించవచ్చునన్న నమ్మకం ఆ మాటలో ఉంది. ఒకప్పుడు నాకూ ఆ నమ్మకం ఉండేది.

నా మొదటి నవల రాతప్రతిలో కథానాయకుడు నూటికి నూరుపాళ్లూ సజ్జనుడు. చదివిన మిత్రుడు "ఇతడు మనిషిలా లేడు, అభినందన పత్రంలా ఉన్నాడు" అన్నాడు. నేను ఇంటికి వెళ్లి, వారం రోజులు కూర్చుని, ఆ నాయకుడికి సిగరెట్ల అలవాటు, కాస్త ముక్కోపం, వస్తువులు ఎక్కడో పెట్టి మరిచిపోయే గుణం చేర్చి, రాతప్రతిని మళ్లీ అతనికే ఇచ్చాను. అది తిరిగి వచ్చినప్పుడు సిగరెట్ కనిపించిన ప్రతిచోటా పెన్సిలు గీత ఉంది. "ఇవన్నీ కొట్టేసి చదివాను, కథలో ఏమీ మారలేదు" అని చివరి పుట మీద రాసి ఉంది. కోపం సంగతి, మతిమరుపు సంగతి అతను ఎత్తనే లేదు. వాటిని గమనించలేదేమోనని నా అనుమానం.

ఆ గీతల నుంచి నేను నేర్చుకున్నది కొంత, ఆ తరువాత ఇతరుల రచనలు చదువుతూ నేర్చుకున్నది మరికొంత కలిపి ఈ రోజు మీ ముందు ఉంచుతాను. నేను చెప్పదలచుకున్నది నిజానికి ఒక్కటే మాట. మనిషి తన లోపాన్ని లోపమని పిలవడు. పిసినారి తనను పొదుపరి అనుకుంటాడు. పిరికివాడు తాను ముందుచూపు ఉన్నవాడినని చెప్పుకుంటాడు. నోటిదురుసు మనిషి "ఉన్నమాట అనేస్తాను, నాకు దాపరికం లేదు" అని గర్వంగా అంటాడు. అందరి బతుకుల మీదా పెత్తనం చేసే మనిషి "నేను పట్టించుకోకపోతే వీళ్లు ఏమైపోతారో" అని నిజంగానే బెంగపడతాడు. తన లోపాన్ని పాత్ర ఏ మంచి పేరుతో పిలుచుకుంటుందో తెలిసేంతవరకు రచయితకు ఆ పాత్ర తెలియనట్లే. ఆ పేరు తెలిసిన మరుక్షణం నుంచి పాత్ర తనంతట తాను మాట్లాడడం మొదలుపెడుతుంది.

దీనికి మన ఎదుట ఉన్న పెద్ద ఉదాహరణ ధర్మరాజు. ఆయన లోపం ఏమిటంటే చిన్నపిల్లలు కూడా జూదం అని చెబుతారు. కానీ కవి దాన్ని ఎంత ఓపికగా కట్టాడో చూడండి. హస్తినాపురానికి రమ్మని విదురుడు పిలుపు తెచ్చినప్పుడు, జూదం కలహాలకు మూలమని మొదట అన్నవాడు ధర్మరాజే. అంటే ఆయనకు తెలియక కాదు. సభలో శకుని, భయమైతే ఆట మానుకోవచ్చునని ఎత్తిపొడిచినప్పుడు, పిలిస్తే వెనుదిరగకపోవడం తన వ్రతమని ఆయన జవాబు చెబుతాడు. ఆ "వ్రతం" అన్న మాటే నేను చెబుతున్న మంచి పేరు. పాచికల మీది మోజును ఆయన మోజు అనుకోవడం లేదు, నియమం అనుకుంటున్నాడు. ఏ నియమపాలన వల్ల మనం ఆయనను ధర్మరాజు అంటున్నామో, ఆ నియమపాలనే ఆయనను జూదపు పలక దగ్గర కూర్చోబెడుతోంది. సుగుణాన్ని ఒక చేత్తోను, లోపాన్ని ఇంకొక చేత్తోను పట్టుకుని విడదీయడం అక్కడ సాధ్యం కాదు.

తరువాత జరిగే పందేల వరుస కూడా గమనించదగినది. ధనం పోయాక ఆయన మొదట ఒడ్డినది నకులుణ్ణి, ఆ తరువాత సహదేవుణ్ణి. మాద్రి కొడుకులను ఒడ్డావు గానీ భీమార్జునులను ఒడ్డవేమని శకుని పొడుస్తాడు. అన్నదమ్ములందరినీ సమానంగా చూస్తానని నమ్మే మనిషికి అంతకంటే నొప్పి కలిగించే మాట లేదు. ఆ నొప్పిలో అర్జునుణ్ణీ, భీముణ్ణీ, చివరికి తననూ ఒడ్డి, అక్కడా ఆగక ద్రౌపదిని ఒడ్డుతాడు. లోపం ఒక చోట నిలబడి ఉండే వస్తువు కాదనీ, దాన్ని ఎక్కడ నొక్కితే కదులుతుందో తెలిసిన ఎదుటివాడు దొరికినప్పుడే అది కథ అవుతుందనీ ఆ ఒక్క సన్నివేశం మనకు నేర్పుతుంది. శకుని గొప్ప ప్రతినాయకుడు కావడానికి కారణం పాచికల మాయ కంటే ఈ చదువే అని నా అభిప్రాయం. ఆయన ధర్మరాజును చదివాడు.

ఆ తరువాత, ద్రౌపది ధైర్యం వల్ల పోయినదంతా తిరిగి చేతికి వచ్చాక కూడా, రెండోసారి పిలుపు వస్తే ఆయన మళ్లీ వెళతాడు. కొత్త రచయిత ఎవరైనా ఇక్కడ పాత్రకు బుద్ధి చెప్పి, కథను నీతివైపు తిప్పి ఉండేవాడు. మహాభారతం తిప్పలేదు. అసలు కారణం అరణ్యంలో గానీ బయటపడదు. భీముడు నిలదీసినప్పుడు, దుర్యోధనుడి రాజ్యాన్ని గెలుచుకోవచ్చునన్న కోరికతోనే తాను పాచికలు పట్టానని ధర్మరాజు ఒప్పుకుంటాడు. సభలో చెప్పినది వ్రతం, అడవిలో చెప్పినది ఆశ. ఈ రెండు మాటల మధ్య ఎంత దూరం ఉందో అంత లోతు ఆ పాత్రకు ఉంది. పైగా ఆ నిజాన్ని కవి జూదం జరుగుతున్నప్పుడే చెప్పేయకుండా, అన్నీ పోగొట్టుకున్న మనిషి తమ్ముడి ముందు తల దించుకున్న సమయం వరకు దాచి ఉంచాడు. మీరు కథలు రాసేటప్పుడు లోపానికి కారణాన్ని మొదటి పుటలోనే చెప్పేసే తొందర కలిగితే, ఈ సంగతి గుర్తు చేసుకోండి.

ఇంకా చూడండి. అడవిలోనే బృహదశ్వుడనే ముని ఆయనకు నలుడి కథ చెప్పి అక్షహృదయం, అంటే పాచికల మర్మం, ఉపదేశిస్తాడు. అజ్ఞాతవాసంలో విరాటుడి కొలువులో కంకుడిగా చేరినప్పుడు ఆయన ఎంచుకున్న పని రాజుతో పాచికలాడడం. రాజ్యాన్ని పోగొట్టిన వ్యసనం కడుపు నింపే కొలువయింది! చివరికి బృహన్నలను పొగిడాడన్న కోపంతో విరాటుడు విసిరిన పాచికలే ఆయన ముఖానికి తగిలి నెత్తురు వచ్చింది. ఒక లోపం నియమంగా పుట్టి, వినాశనంగా పెరిగి, విద్యగా మారి, వృత్తిగా స్థిరపడి, గాయమై తిరిగి తగలడం ఇక్కడ చూస్తున్నాం. ఇన్ని వేల ఏళ్ల తరువాత కూడా, దీర్ఘమైన రచనలో ఒక లోపాన్ని ఎన్ని రూపాలుగా నడిపించవచ్చో తెలుసుకోవడానికి నేను దీనికంటే మంచి పాఠాన్ని చదవలేదు.

అదే మహాభారతంలో దీనికి పూర్తిగా ఎదురుగా నిలిచే ఘట్టం కూడా ఉంది. మహాప్రస్థానంలో ద్రౌపదీ, తమ్ములూ ఒక్కొక్కరే పడిపోతుంటే, భీముడు కారణం అడుగుతాడు, ధర్మరాజు చెబుతాడు. ద్రౌపదికి అర్జునుడి మీద పక్షపాతం, సహదేవుడికి తెలివి ఉందన్న గర్వం, నకులుడికి అందగాడినన్న గర్వం, అర్జునుడికి శత్రువులందరినీ ఒక్కరోజులో చంపుతానన్న బడాయి, భీముడికి తిండిపోతుతనం, బలగర్వం. చావు వేళ చదివే జాబితాగా అది భయంకరమైన సన్నివేశం, దాని గొప్పతనం దానికి ఉంది. కానీ కథకుడి కన్నుతో చూస్తే ఈ లోపాలన్నీ ఒక్క తూకానివి కావు. అర్జునుడి బడాయి మనకు ముందే తెలుసు. అభిమన్యుడు పోయిన రాత్రి, మరునాటి సూర్యాస్తమయంలోగా సైంధవుణ్ణి చంపకపోతే అగ్నిలో దూకుతానని అతను చేసిన ప్రతిజ్ఞ ఒక రోజు యుద్ధాన్నంతా తన చుట్టూ తిప్పుకుంది. నకులుడి అందగర్వం మాత్రం, నాకు గుర్తున్నంతలో, ఏ మలుపునూ తిప్పలేదు. మొదటిది మనం చూసిన లోపం, రెండోది మనకు చెప్పిన లోపం. మన రాతప్రతుల్లో కనిపించే లోపాల్లో ఎక్కువ భాగం నకులుడి కోవకు చెందినవే. ఇంకొక చమత్కారం ఏమిటంటే, ఆ జాబితా చదువుతున్న మనిషి అందులో తన పేరు చేర్చుకోలేదు. ఆయనకు నరకదర్శనం అయినప్పుడు కూడా ఇంద్రుడు చెప్పే కారణం ద్రోణుడి విషయంలో చేసిన వంచనే.

సుగుణాలు మాత్రమే ఉన్న నాయకుణ్ణి రాయాలన్న ఒత్తిడి కొత్తది కాదు. ఆలంకారికుడు ధనంజయుడు దశరూపకం అనే నాటక లక్షణ గ్రంథంలో నాయకుడికి గానీ రసానికి గానీ తగని అంశం మూలకథలో ఉంటే దాన్ని వదిలివేయమని, లేదా వేరుగా కల్పించమని చెప్పాడు. ఈ సూత్రాన్ని తలుచుకున్నప్పుడు ఎవరికైనా మొదట గుర్తుకు వచ్చేవాడు దుష్యంతుడు. నన్నయ ఆదిపర్వం ద్వారా మనకు తెలిసిన దుష్యంతుడికి శకుంతల గుర్తుంది. గుర్తుండి కూడా, నిండు సభలో ఎరుగనన్నాడు. తరువాత అశరీరవాణి పలికాక, నీ మాట ఒక్కటే విని స్వీకరించి ఉంటే లోకం శంకించేదని సమర్థించుకున్నాడు. చూశారా, ఆయన కూడా తన పిరికితనానికి ఒక మంచి పేరు పెట్టుకున్నాడు. ఆ పేరు లోకాపవాదం. రాజుకు ప్రజల నమ్మకం అవసరమన్న మాటలో సత్యం ఉంది కాబట్టే ఆ అబద్ధం నిలబడుతుంది. నూటికి నూరుపాళ్లూ అబద్ధమైన సమర్థన పాఠకుణ్ణి ఒక్క నిమిషం కూడా ఆపలేదు.

కాళిదాసు తన శాకుంతల నాటకంలో ఈ లోపాన్ని తీసేసి, దుర్వాసుడి శాపాన్నీ, ఉంగరాన్నీ తెచ్చాడు. రాజు మరిచిపోయాడు గనుక రాజు తప్పు లేదు. ఆ మార్పు వల్ల మనకు ప్రపంచ సాహిత్యంలోనే అందమైన పశ్చాత్తాప సన్నివేశాలు దక్కాయి, అది ఒప్పుకోవలసిందే. అయితే కాళిదాసు అంతటివాడు ఆ లోపాన్ని పూర్తిగా వదిలిపెట్టాడని నేను అనుకోను. అయిదో అంకం మొదట్లో, శకుంతల ఇంకా సభకు రాకముందే, లోపల ఎక్కడో హంసపదిక అనే రాణి పాడుతున్న పాట రాజుకు వినిపిస్తుంది. మామిడిపూతను ముద్దాడి, తామరలో చేరి, ఆ పూతను మరిచిపోయిన తుమ్మెదను గురించిన పాట అది. తనను ఒకప్పుడు ప్రేమించి మరిచినందుకు ఆమె దెప్పుతోందని రాజు నవ్వుతూ అర్థం చెబుతాడు. ఈ మరపుకు ఏ మునీ శపించలేదు. శాపం రాజుకు కప్పిన శాలువా అయితే, దాని అంచు కింద నుంచి ఆ పాట పాదాన్ని చూపిస్తోంది. ముఖ్యపాత్ర లోపాన్ని నేరుగా చెప్పడానికి సందర్భం ఒప్పుకోనప్పుడు, పక్క గదిలో ఉన్న అప్రధాన పాత్ర చేత పాడించడం ఎంత నేర్పో ఆలోచించండి.

ఇక్కడ గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ మాట ఒకటి క్లుప్తంగా చెప్పి ముందుకు వెళతాను. కావ్యశాస్త్రం పదమూడో అధ్యాయంలో ఆయన, విషాద నాటకానికి తగిన నాయకుడు మహాపుణ్యాత్ముడూ కాకూడదు, దుర్మార్గుడూ కాకూడదు, ఒక "హమార్టియా" వల్ల పతనమయ్యే మధ్యస్థుడై ఉండాలి అన్నాడు. ఆ పదాన్ని చాలాకాలం నైతిక దోషమనే అర్థంలో వాడారు గానీ, దాని మూలధాతువుకు గురి తప్పడమని అర్థం. గురి తప్పినవాడికి గురి ఉందన్నమాట. ఆయన మెచ్చుకున్న గ్రీకు నాటకంలోని రాజు ఈడిపస్‌నే తీసుకోండి. ఎవరికీ అంతుపట్టని పొడుపుకథను విప్పి నగరాన్ని కాపాడినది ఏ పట్టుదలో, ఇక అడగవద్దని భార్య జొకాస్టా వేడుకున్నా, గొర్రెలకాపరి బతిమాలినా వినకుండా తన పుట్టుక రహస్యాన్ని తవ్వుకున్నదీ ఆ పట్టుదలే. నిజం తెలుసుకోవాలన్న కోరికను లోపమని ఎవరు అనగలరు? అయినా అతని కళ్లు పోయింది దానివల్లనే.

పూర్వులు చేసిన ఒక పనిని మాత్రం మనం కొనసాగించవద్దని మనవి చేస్తాను. మనసు వంకరను చూపడానికి ఒంటి వంకరను వాడడం పాత అలవాటు; మంథర గూని అందరికీ తెలుసు. అవయవ లోపం శీల లోపానికి గుర్తు కాదు. అది అన్యాయం అన్న సంగతి అటుంచి, రచనాపరంగా కూడా సోమరి పని, ఎందుకంటే కైకేయి మనసు ఎలా విరగాలో తెలిసిన మంథర తెలివికి గూనితో ఏ సంబంధమూ లేదు. ఆ తెలివి చాలు పాత్రకు.

ఇప్పుడు నా సొంత కథ ఒకదాని గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే పూర్తయిన మహాకావ్యాలను చూసి మెచ్చుకోవడం తేలిక, రాస్తున్నప్పుడు జరిగే తడబాటు వేరు. కథలో ముఖ్యపాత్ర పేరు సుభద్ర. వ్యాకరణం చెప్పి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయురాలు. మొదటి ప్రతిలో నేను ఆమెకు "కోపం" అనే లోపం పెట్టాను. ఆమె ప్రతి సన్నివేశంలోనూ అరిచేది, పక్కవాళ్లు భయపడేవారు, నాకు విసుగు పుట్టేది. కోపం అన్నది చాలా పెద్ద సంచి, అందులో ఎవరినైనా వేయవచ్చు. అందువల్ల, ఈమెకు సరిగ్గా దేనికి కోపం వస్తుంది అని నన్ను నేను అడగడం మొదలుపెట్టాను. తప్పు కనిపిస్తే వస్తుంది. ఎలాంటి తప్పు? అక్షరదోషం. ఎవరు చేస్తే ఎక్కువగా వస్తుంది? తనవాళ్లు చేస్తే. ఎందుకు? ఈ చివరి ప్రశ్నకు జవాబు దొరకడానికి రెండు నెలలు పట్టింది. ఒకరోజు ఆమె చేత ఈ మాట పలికించగలిగాను: "పరాయివాళ్లయితే తప్పు చూసి నవ్వి ఊరుకుంటారు. దిద్దేవాళ్లే మనవాళ్లు." ఆమె తన లోపానికి పెట్టుకున్న పేరు శ్రద్ధ. అది దొరికాక ఆమె అరవడం మానేసింది. ఎర్రసిరా కలం తీసుకుంది, అంతే.

ఆ కలం వల్ల ఎవరో ఒకరు నష్టపోవాలి. తన లోపం వల్ల తాను మాత్రమే బాధపడే పాత్ర మీద జాలి కలుగుతుంది గానీ, కథ కదలదు. సుభద్ర కొడుకు పన్నెండేళ్లప్పుడు వసతిగృహం నుంచి మొదటి ఉత్తరం రాశాడు, రాత్రిళ్లు ఏడుపు వస్తోందని. ఆమె ఆ ఉత్తరంలోని తప్పులను ఎర్రసిరాతో దిద్ది తిరిగి పంపింది. దానితోపాటు వేరే కాగితం మీద రెండు పుటల నిండా ప్రేమగా రాసి జతచేసింది. కవరు విప్పగానే పిల్లవాడికి పైన కనిపించింది ఎర్రసిరా. రెండో కాగితాన్ని అతను చదివాడో లేదో కథలో నేను చెప్పలేదు. ఆ రెండో కాగితం మొదటి ప్రతిలో లేదు. అది చేర్చాక పాఠకులు ఆమె పక్షాన కొందరు, కొడుకు పక్షాన కొందరు చీలిపోయారు. అలా చీలితేనే లోపం పాఠకుడి ఇంట్లోకి వెళ్లిందని లెక్క.

మరొక సంగతి. ఆ లోపం ఎక్కడో ఒకచోట గట్టిగా మేలు చేయకపోతే, పాఠకుడు దాన్ని రోగంలాగా చూసి, ఎప్పుడు తగ్గుతుందా అని ఎదురుచూడడం మొదలుపెడతాడు. నా కథలో సుభద్ర భర్త ఆసుపత్రిలో ఉన్నప్పుడు, మందుల చీటీ మీద దశాంశ బిందువు ఒక అంకె పక్కకు జరిగి పడింది. అందరూ చదివి ఊరుకున్న చీటీని ఆమె చదివి ఆగింది. మోతాదు పదింతలయ్యేది. కొడుకు ఆమె పక్కనే నిలబడి ఉన్నాడు. పన్నెండేళ్లప్పుడు తనను కోసిన చూపు, ఇప్పుడు తండ్రిని బతికించింది. అతను ఏమీ అనలేకపోయాడు. నేను కూడా అక్కడ అతని చేత ఏమీ అనిపించలేదు. అనిపించి ఉంటే రెండింటిలో ఏదో ఒక తీర్పు ఇచ్చినట్లయ్యేది.

ఆమె ఇలా ఎందుకు తయారైంది అన్నదాన్ని గురించి నేను చేసిన పొరపాటు కూడా చెప్పాలి. రెండో ప్రతిలో ఆమె బాల్యం గురించి ఆరు పుటలు రాశాను. తప్పు రాస్తే తండ్రి కొట్టేవాడు, గదిలో పెట్టి తలుపు వేసేవాడు. చదివినవాళ్లందరూ కళ్లు తుడుచుకుని ఆమెను క్షమించేశారు. ఇక కథలో చదవడానికి ఏమీ మిగలలేదు. గతం లోపానికి మూలమైతే కావచ్చు గానీ, దానికి రసీదు కాకూడదు. ఆరు పుటలూ తీసేసి, ఆమె బీరువాలో అంచుల నిండా దిద్దుబాట్లున్న ఒక పాత కాపీపుస్తకం ఉందని ఒక్క వాక్యం ఉంచాను. ఎవరి పుస్తకమో, ఎవరు దిద్దారో చెప్పలేదు. ఈ పద్ధతి అన్ని కథలకూ పనికివస్తుందని అనను. నేరం పెద్దదైతే, హత్యలాంటిదైతే, కారణాన్ని ఒక్క వాక్యంలో దాటేయడం పాఠకుణ్ణి మోసం చేయడమే అవుతుంది.

కథను ఎవరి నోట చెప్పిస్తున్నామన్నది కూడా లోపం బరువును మారుస్తుంది. సుభద్రే "నేను" అని కథ చెబితే, ఆమె దృష్టిలో తన లోపం ఉండదు గనుక, పాఠకుడు ఆమె వాక్యాల వెనుక తొంగి చూసి దాన్ని పట్టుకోవాలి. అది రుచికరమైన పని, కానీ ఇతరుల సంభాషణలను రచయిత ఎంతో జాగ్రత్తగా అమర్చాలి, ఎందుకంటే పాఠకుడికి దొరికే సాక్ష్యం అవే. కొడుకు చెబితే అది ఫిర్యాదు అయ్యే ప్రమాదం ఉంది. నేను చివరికి ప్రథమ పురుషలో రాసి, కొన్ని సన్నివేశాలు ఆమె వెంట, కొన్ని అతని వెంట నడిచాను.

చివరగా, లోపం తీరిపోవాలా వద్దా అన్న ప్రశ్న. ఇది ప్రతి తరగతిలోనూ వస్తుంది. ధర్మరాజు పాచికలు వదల్లేదు, వాటి మర్మం నేర్చుకున్నాడు. దుష్యంతుడు మారాడని నమ్మడానికి మనకు ఆధారం ఆయన కన్నీళ్లే. మనుషులు మారరని నేను అనడం లేదు, మారతారు. కానీ నలభై ఏళ్లపాటు తనను నిలబెట్టిన గుణాన్ని ఎవరూ ఒక్క సాయంత్రంలో చెప్పులు విడిచినట్లు విడిచిపెట్టరు. కథ ముగింపులో నేను వెతికేది ఆ గుణం ఎంత పక్కకు ఒత్తిగిలిందన్నదే. అది వెంట్రుకవాసి అయినా చాలు.

సుభద్ర కథకు నేను మూడు ముగింపులు రాశాను. చాలా ఏళ్ల తరువాత కొడుకు దగ్గర నుంచి కబురు వస్తుంది. కూతురు పుట్టిందని, పేరు పెట్టామని ఏడు పంక్తులు, అందులో నాలుగు తప్పులు. మొదటి ముగింపులో ఆమె కలం కింద పెట్టి ఏడ్చింది. అది నేను ఆమె చేత బలవంతంగా చేయించిన పని అని నాకే తెలిసిపోయింది. రెండో ముగింపులో ఆమె దిద్ది పంపింది, కొడుకు శాశ్వతంగా దూరమయ్యాడు. అందులో నా కసి తప్ప ఆమె లేదు. మూడోదాన్ని ఉంచుకున్నాను. ఆమె ఆ ఏడు పంక్తులనూ వేరే కాగితం మీద ఎత్తి రాసుకుని, నాలుగు తప్పులనూ ఎర్రసిరాతో దిద్ది, మడిచి, బీరువాలో ఆ కాపీపుస్తకంలో పెట్టింది. తరువాత నీలంసిరాతో జవాబు రాసింది. కొడుకు బిడ్డ పేరును "శృతి" అని రాశాడు. సరైన రూపం "శ్రుతి" అని జీవితమంతా పిల్లలకు చెప్పిన మనిషి, జవాబులో మనుమరాలి పేరును అతను రాసినట్లే రాసింది.

కథ అచ్చుకు వెళ్లినప్పుడు ప్రూఫులు దిద్దినవారు ఆ ఉత్తరంలోని పేరును "శ్రుతి" అని సరిచేసి, అంచున చిన్న టిక్కు పెట్టి పంపారు. ఎంత శ్రద్ధగా చదివారో అనిపించి, కాసేపు ఆ టిక్కునే చూస్తూ కూర్చున్నాను. తరువాత ఆ అక్షరాన్ని మళ్లీ తప్పుగా మార్చి పంపించాను.